కాన్వొకేషన్ జాకెట్, అద్దె గౌను, హన్మకొండ టైలరక్క

ఈ టైలరక్కకు ఐదుకి నాలుగు మార్కులు ఇస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటీ డేట్లకు. ఆమె చెప్పే డేటును నమ్మి బస్సు టికెట్ మాత్రం బుక్ చేసుకోకండి.

హన్మకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు నడుస్తుంటే ఒక సందులో ఉంటుంది షాపు. బోర్డు మీద 'లేడీస్ టైలర్' అన్న రెండు మాటలు తప్ప మిగతా అక్షరాలన్నీ ఎండకు వెలిసిపోయాయి. షట్టర్ ఎప్పుడూ సగమే ఎత్తి ఉంటుంది, వంగి లోపలికి పోవాలి. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ. టైలరక్కకు యాభై ఐదేళ్లు ఉంటాయేమో. ఒక మిషన్ మీద ఆమె, రెండో దాని మీద ఆమె కోడలు.

ఎనిమిదేళ్లకు నా పీహెచ్‌డీ పూర్తయింది. బడిలో పాఠాలు, ఇద్దరు పిల్లల చదువులు, మధ్యలో గైడ్ రిటైర్ కావడం, అన్నీ దాటుకుని వచ్చింది పట్టా. కాన్వొకేషన్ హైదరాబాద్‌లో, సోమవారం పొద్దున. తొమ్మిదికల్లా హాల్లో కూర్చోవాలి. ఆఫ్ వైట్ చీర, దాని మీద నల్ల గౌను, హుడ్ అని సర్క్యులర్‌లో రాశారు. గౌను మనమే తెచ్చుకోవాలి.

చీర సమస్య కాలేదు. అమ్మ దాచిన గద్వాల చీర ఉంది, నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. గౌనే తలనొప్పి అయింది. వరంగల్‌లో డ్రెస్సులు అద్దెకిచ్చే ఒక షాపులో (పేరు అనవసరం) 350 రూపాయల అద్దెకు, వెయ్యి డిపాజిట్ కట్టి తెచ్చాను. కవర్ విప్పగానే కలరా ఉండల వాసన. అంచు ఒకచోట ఊడి వేలాడుతోంది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. గౌను మాత్రం ఆరడుగుల మనిషికి కుట్టింది. పైగా ఆ పాలిస్టర్ గుడ్డ మే నెలలో వేసుకుంటే మనిషి ఉడికిపోతుంది. కాన్వొకేషన్ గౌన్లు చేనేత బట్టతో చేయించుకోమని యూజీసీ 2019లోనే యూనివర్సిటీలకు చెప్పింది. మన వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే దర్రీలకు, అదే మా అమ్మ మాటలో శెత్రంజీలకు, 2018లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ఊరిదే అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. ఆ ఊళ్లోనే ఉండి ప్లాస్టిక్ సంచీలాంటి గౌను అద్దెకు తేవడం నాకైతే సిగ్గనిపించింది. ఆ మాట అంటే షాపతను "మేడం, రెండు గంటలే కదా" అన్నాడు.

ఆ గౌను, హుడ్, చీర, జాకెట్ గుడ్డ, ఐదేళ్ల కింద కుట్టించిన ఆది జాకెట్, అన్నీ సంచీలో వేసుకుని టైలరక్క దగ్గరికి వెళ్లాను. తోడు మా నాన్న వచ్చాడు. ఆమె ఆది జాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేసింది.

"ఐదేండ్ల కిందటి జాకెట్ ఇప్పటి నిన్ను గుర్తుపడ్తదా బిడ్డా?" అని టేపు తీసింది.

ఈ రివ్యూ రాస్తున్నదే ఆ తర్వాత జరిగినదాని కోసం. కొలతలు తీసుకుంటూనే ఆమె అడిగిన ప్రశ్నలు ఇవి: స్టేజీకి మెట్లు ఎన్ని ఉంటయ్? పట్టా ఏ చేత్తో తీసుకుంటవ్? ఇచ్చే పెద్దమనిషికి దండం పెడ్తవా, చెయ్యి కలుపుతవా? ఎంతసేపు కూసోవాలె? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. ఎనిమిదేళ్లు ప్రశ్నలు తయారుచేసుకుని ఊళ్లు తిరిగిన మనిషిని, ఇవి నాకెందుకు తట్టలేదో. నన్ను షాపు మధ్యలో నిలబెట్టి దండం పెట్టమంది, చేయి చాపమంది, బెంచీ మీద కూర్చుని లేవమంది. నాన్న నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

తర్వాత హుడ్ తీసి చూసింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, హుడ్ అంటే మెడలో వేసుకుంటే ముందు 'వి' ఆకారంలో ఉండి, వీపు మీద రంగు బట్ట వేలాడే ముక్క. ఒకప్పుడు యూరప్‌లో చదువుకునేవాళ్లు చలికి తల మీద కప్పుకున్నదే ఇలా మిగిలింది. ఇప్పుడది తల మీదికి రాదు, ఊరికే వీపున వేలాడుతుంది. బరువంతా వెనకే కాబట్టి ముందు భాగం పైకి జరిగి గొంతుకు పట్టేస్తుంది. అలా కాకుండా ముందు చిన్న దారపు కాజా ఉంటుంది, షర్టు గుండీకి తగిలించుకోవడానికి. మగవాళ్ల షర్టును మనసులో పెట్టుకుని చేసిన ఏర్పాటన్నమాట. చీర కట్టుకున్నదానికి గుండీ ఎక్కడిది? మా సీనియర్ ఒకామె ఫొటోలన్నిటిలో ఒక చెయ్యి మెడ దగ్గరే ఎందుకుందో నాకు ఆ రోజు అర్థమైంది.

టైలరక్క ఆ కాజాలో చిటికెన వేలు పెట్టి కాసేపు ఆలోచించింది. డబ్బా వెతికి నల్ల గుండీ ఒకటి తీసింది, పప్పుబద్దంత ఉంటుంది. గౌను జిప్పు పక్కన ఛాతీ ఎత్తులో దాన్ని కుట్టి కాజా తగిలించింది. అంతటితో ఆగితే హుడ్ బరువుకు గౌనే వెనక్కి పోతుందని, గౌను లోపల రెండు భుజాల దగ్గర చిన్న పట్టీలు వేసి, జాకెట్ భుజాలకు టిచ్ బటన్లతో పట్టేలా చేసింది. గౌను కిరాయిది కాబట్టి కత్తెర పెట్టలేదు. పొడుగంతా లోపలికి మడిచి కచ్చా కుట్టు వేసింది. "తిరిగిచ్చేటప్పుడు ఈ దారం కొస పట్టి గుంజు, మొత్తం వచ్చేస్తది" అని కొస ఎక్కడుందో నాతోనే పట్టించి చూపింది.

చీర పని కూడా శ్రద్ధగానే చేసింది. ఫాల్ గుడ్డను ముందు నీళ్లలో నానేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టింది. అలా చేయకపోతే ఒక్క ఉతుకుకే ఫాల్ ముడుచుకుని చీర అంచంతా ముడతలు పడుతుంది. చాలా షాపుల్లో ఆ ఓపిక లేదు, నాకు అనుభవమే. కోడలు కుచ్చిళ్లు, కొంగు మడతలు ముందే పెట్టి ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి చీరను పలకలా మడిచి ఇచ్చింది. దాన్నే ప్రీప్లీటింగ్ అంటున్నారు ఇప్పుడు. ఇదివరకు వేళాకోళం చేసేదాన్ని. సోమవారం హన్మకొండ బస్టాండ్‌లో నాలుగింటి బస్సెక్కి, ఉప్పల్‌లో పిన్ని వాళ్లింట్లో దిగి, పది నిమిషాల్లో చీర కట్టుకున్నాక నోరు మూసుకున్నా.

ఇక ఆ తగ్గించిన మార్కు సంగతి. గురువారం ఇస్తానంది. గురువారం పోతే గుడ్డ కత్తిరించి కూడా లేదు, వరుసగా పెళ్లిళ్లట. శుక్రవారం ఫోన్ ఎత్తలేదు. శనివారం రాత్రి ఎనిమిదికి చేతికొచ్చింది, ఎడమ చంక బిగుతు. దండం పెట్టి చూపించేసరికి ఆమే నాలుక కరుచుకుని, కుట్టు విప్పి ఇరవై నిమిషాల్లో సరిచేసింది. బాగానే సరిచేసింది, కాదనను. కానీ ఆ మూడు రోజుల టెన్షన్‌కు నాకు బీపీ పెరిగి ఉంటుంది. లైనింగ్ జాకెట్‌కు 600, ఫాల్ పీకోకు 120, ప్రీప్లీటింగ్‌కు 250 తీసుకుంది. గౌను పనికి ఎంతని అడిగితే "నీ ఇష్టం" అంది. ఆ మాట నాకు నచ్చదు, ఎంతో చెప్పేస్తే పోతుంది. వంద ఇచ్చాను.

శనివారం ఆ ఎదురుచూపుల్లో నాన్న బెంచీ మీద కూర్చుని ఆమెకు తన కథ చెప్పాడు. ఆయన ఎం.ఏ. చదివింది హన్మకొండలోనే, పట్టా మీద మాత్రం ఉస్మానియా అని ఉంటుంది. 1976లో కాకతీయ యూనివర్సిటీ రాకముందు ఇక్కడున్నది ఉస్మానియా వాళ్ల పీజీ సెంటరే. కాన్వొకేషన్‌కు పోవడానికి బస్సు ఛార్జీలు లేక పట్టా పోస్టులో తెప్పించుకున్నాడట. నాకెప్పుడూ చెప్పలేదు ఈ సంగతి. టైలరక్క మిషన్ ఆపి విని, "ఇగ బిడ్డతోటి పోతున్నవ్ గద సారూ" అంది, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

స్టేజీకి ఐదు మెట్లు. దండం పెట్టాను, పట్టా రెండు చేతులతో తీసుకున్నాను, హుడ్ కదల్లేదు. కిందికొచ్చాక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు మెడలు సవరించుకుంటూ నా గుండీని ఫొటో తీసుకున్నారు.

మంగళవారం కచ్చా కుట్టు లాగేసి గౌను వాపస్ ఇచ్చాను. గుండీని, పట్టీలను ఉంచేశాను. షాపతను వేలితో నొక్కి చూసి "ఇదేంది మేడం?" అన్నాడు, చెప్పాను. మాట్లాడకుండా వెయ్యి రూపాయలు తిరిగిచ్చి, ఆ టైలర్ ఎక్కడుంటుందో రాసివ్వమని కాగితం ముందుకు జరిపాడు.

వెళ్లేవాళ్లకు రెండు ముక్కలు. ఆదివారం మూత. ఫోన్‌పే లేదు, చేతిలో డబ్బులు పట్టుకెళ్లండి. మాఘం, శ్రావణం, ఎండాకాలం ముహూర్తాలప్పుడైతే కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వండి, ఇచ్చాక రోజు విడిచి రోజు పోయి కనిపించి రండి.