మార్టిన్ పండక్కి పెద్దబాతు రోస్ట్

నవంబర్ 11 సెయింట్ మార్టిన్ పండగ. వియన్నా చలికి ముడుచుకుని కూర్చోకుండా ఆస్ట్రియాలోనే ఉన్న బుర్గెన్‌లాండ్ రాష్ట్రంలోని గోల్స్ ఊరికి వెళ్లాం. ద్రాక్ష కోతలు అయిపోయాక, ఈ పండగ రోజుల్లో అక్కడి రైతులు సెల్లార్లు తెరిచి కొత్త వైన్ రుచి చూపిస్తారు. మేం తిన్నది ఓ వైన్ రైతు కుటుంబం నడిపే చిన్న హోటల్లో.

పెద్దబాతు రోస్ట్ మాత్రం అదుర్స్. తోలు అప్పడంలా కరకరలాడింది, మాంసం ఎముక నుంచి దానంతటదే ఊడొచ్చింది. పక్కన ఆపిల్ వేసి ఉడికించిన ఎర్ర క్యాబేజీ, బంగాళదుంప ఉండలు. కారం ఊసే లేదు. మా ఆయన సంచిలోంచి గొడ్డుకారం తీశారు. పరువు పోతుందని గొణిగి, నేనూ అద్దుకున్నాను.

బిషప్ పదవి వద్దని దాక్కున్న మార్టిన్‌ని ఈ బాతులే అరిచి పట్టించాయని, అందుకే ఈ పండక్కి వాటిని వండుకు తింటారని కథ. ఆ కక్ష ఇంకా తీరినట్టు లేదు!

సర్వీసే నీరసం. బుక్ చేసుకున్నా ముప్పావుగంట నిలబెట్టారు. క్యాబేజీ ఇంకొంచెం అడిగితే విడిగా బిల్లేశారు. కొత్త వైన్ తేలిగ్గా, పుల్లపుల్లగా ఉంది. నాకు పాతదే నచ్చింది. వెళ్లేవాళ్లు కాలు ముక్క కావాలని బుకింగ్‌లోనే చెప్పండి, ఆలస్యమైతే అది మిగలదు.