వికెట్ కీపింగా, ఒట్టి బ్యాటింగా?

అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో 2024 సెప్టెంబరులో దేశవాళీ క్రికెట్ టోర్నీ దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాక, మా వైపు పిల్లల తల్లిదండ్రులు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది.

ఖర్చు: బ్యాట్, ప్యాడ్లు, హెల్మెట్ ఇద్దరికీ తప్పవు. కీపర్‌కి గ్లోవ్స్, లోపల వేసుకునే ఇన్నర్స్, కీపింగ్ ప్యాడ్లు అదనం.

శ్రమ: బ్యాటర్ అవుటైతే నీడలో కూర్చోవచ్చు. కీపర్‌కి ఆ వెసులుబాటు లేదు. 90 ఓవర్లంటే 540 సార్లు కూర్చుని లేవాలి, అదీ మన ఎండలో. పైగా ఈ రోజుల్లో పరుగులూ చేయాల్సిందే.

దెబ్బలు: బ్యాటర్‌కీ తగులుతాయి గానీ, కీపర్‌కి వేళ్లు, మోకాళ్లు ముందు పోతాయి. 2000లో ఢాకాలో స్పిన్నర్ కుంబ్లే బంతి కంటికి తగిలి భారత కీపర్ సబా కరీం కెరీర్ దాదాపు అక్కడే ఆగిపోయింది. స్పిన్ బౌలింగ్‌కి వికెట్ల దగ్గరగా నిలబడితే హెల్మెట్ ఉండాల్సిందే, దీంట్లో బేరాల్లేవు.

చోటు: అసలు చిక్కు ఇక్కడే. జట్టులో బ్యాటర్లకు ఐదారు స్థానాలు, కీపర్‌కి ఒక్కటే. మన ఆంధ్రా కీపర్ కె.ఎస్. భరత్‌నే చూడండి. 2023లో ఆస్ట్రేలియాపై టెస్టుల్లోకి వచ్చాడు. పెద్ద స్కోర్లు రాకపోయేసరికి 2024లో రాజ్‌కోట్‌లో ఆ గ్లోవ్స్ ధ్రువ్ జురెల్ చేతికి వెళ్లాయి. కీపింగ్ బాగున్నా సరిపోలేదు.

పిల్లాడి చేతులు బంతిని మెత్తగా అందుకుంటూ, రోజంతా ధ్యాస చెదరకపోతే కీపింగ్‌లో పెట్టండి, బ్యాటింగ్ మాన్పించొద్దు. ఫీల్డింగ్‌లో విసుక్కునే రకమైతే బ్యాటింగే మేలు. ఇంకా పదేళ్లే అంటారా, రెండూ ఆడనివ్వండి.