గాలిమరకు గుడ్డ రెక్కా, పేటెంట్ రెక్కా?

ఇంగ్లండు పల్లెల్లోని గాలిమరలకు పాతకాలపు రెక్క అంటే చెక్క చట్రం, దాని మీద పరిచే తెరచాప గుడ్డ. 1807లో ఇంగ్లీషు ఇంజనీరు విలియం క్యూబిట్ పేటెంట్ తీసుకున్న రెక్కకు గుడ్డ ఉండదు, తెరుచుకుని మూసుకునే పలకలు ఉంటాయి.

లాగే బలంలో గుడ్డదే పైచేయి. తంటా అంతా గాలి మారినప్పుడే. బ్రేకు వేసి మర ఆపాలి, ఒక్కో రెక్కనూ కిందికి తెచ్చి గుడ్డ సర్దాలి, మామూలుగా రెక్కలు నాలుగు కాబట్టి అదీ నాలుగుసార్లు. ఎంత గుడ్డ విప్పాలనే దానికి నాలుగు మెట్లున్నాయి: పూర్తి తెర, మొదటి మడత, బాకు మొన, కత్తి మొన. చలికాలంలో తడిసిన గుడ్డ గడ్డకట్టి అట్టలా బిగుసుకుపోతుంది, దాన్ని చుట్టడం నరకమే. ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తే మరీ ప్రమాదం. ఆగని చక్రానికి బ్రేకు చెక్కలు ఒరుసుకుని నిప్పు పుడుతుంది, మరే కాలిపోవచ్చు.

పేటెంట్ రెక్కలున్న మరలో ఇరుసు బోలుగా ఉంటుంది. అందులోంచి ఒక ఇనుప కడ్డీ వెళ్తుంది. ముందు చివర సాలీడు కాళ్లలాంటి లివర్లు పలకలన్నిటినీ ఒకేసారి కదుపుతాయి, వెనక గొలుసుకు బరువు వేలాడుతుంది. గాలి ఆ బరువును మించితే పలకలు వాటంతటవే తెరుచుకుంటాయి. మర ఆపక్కర్లేదు. కాకపోతే కీళ్లు చాలా ఎక్కువ. ఎండిపోయి బిగుసుకుంటే పలక తెరుచుకోదు.

రెండు లాభాలూ పోగొట్టుకోకూడదని ఒక జత గుడ్డవి, ఒక జత పలకలవి పెట్టుకున్న మిల్లర్లూ ఉన్నారు. ఒంటిచేత్తో మర నడిపేవాడికి మాత్రం పేటెంట్ రెక్కలే మేలు. లింకన్‌షైర్‌లోని హెకింగ్టన్ మరకు ఎనిమిది రెక్కలు, అన్నీ పేటెంట్‌వే.