సల్సా: ప్యాకేజీని ఒక్కరి నెత్తిన పెట్టని సర్వర్

తిరుపతి బైరాగిపట్టెడలో నాది డీటీపీ షాపు. ముహూర్తాల రోజుల్లో పెళ్లిపత్రికల పని రాత్రి పదకొండయినా తెమలదు. షాపులో రెండు సిస్టమ్‌లు డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తాయి కాబట్టి తెలుగు ఫాంటు సరిగ్గా ఉందా లేదా అన్నది నాకు అన్నం పెట్టే విషయం.

ఒకప్పుడు బయట నుంచి తెచ్చుకున్న ఒక ఫాంటు వాడేవాళ్లం. దాన్ని చూసుకునేది ఒకే ఒకాయన. ఉద్యోగం మారాక ఆయన నుంచి జవాబు రావడం ఆగిపోయింది. ‘లక్ష్మి’లో మ వత్తు పక్కకు జరిగి తర్వాతి అక్షరం మీద పడేది. పెళ్లికూతురి పేరే అది. మూడొందల కార్డులు మళ్లీ వేసిచ్చాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ఆ తర్వాతే మేం నలుగురం డెబియన్ ఫాంట్ల టీమ్ పనుల్లో చేతనైన సాయం చేయడం మొదలుపెట్టాం. ఆ పనంతా జరిగే చోటే సల్సా. ఫైళ్లు ఒకచోట పెట్టి నలుగురూ కలిసి మార్చుకునే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ మీద డెబియన్ నడుపుకునే సర్వర్ ఇది. పాత సర్వర్ అలియోత్ స్థానంలో 2018లో వచ్చింది. రూపాయి ఖర్చు లేదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ప్యాకేజీ (డెబియన్‌లో వేసుకోవడానికి కట్టిన సాఫ్ట్‌వేర్ లేదా ఫాంటు) వివరాలుండే కంట్రోల్ ఫైల్ తెరిస్తే ‘మెయింటెయినర్’, అంటే దాని బాధ్యత ఎవరిదో చెప్పే చోట, టీమ్ పేరు ఉంటుంది, మనుషుల పేర్లు కింద ‘అప్‌లోడర్స్’లో ఉంటాయి. ఆ జాబితాలో లేని టీమ్ సభ్యుడు సరిచేసినా తప్పులేదు. మార్పుల చిట్టా అయిన ఛేంజ్‌లాగ్ మొదట్లో ‘టీమ్ అప్‌లోడ్’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. మాలో ఒక తమ్ముడు ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతున్నాడు. పరీక్షల ముందు “అన్నా, నెల రోజులు నన్ను వదిలేయండి, నా బ్రాంచ్ మీరు చూసుకోండి” అన్నాడు. బ్రాంచ్ అంటే అతను విడిగా మార్పులు చేస్తున్న కాపీ. అతను ఆపిన చోటి నుంచే నేను అందుకున్నాను. ఏం చేశాడో, ఎందుకు చేశాడో అంతా కమిట్లలో, అంటే ఒక్కో మార్పుతో దాచిన నోట్లలో, రాసే ఉంది.

సల్సాలో మార్పుల్ని తనంతట తానే పరీక్షించే సీఐ అనే ఏర్పాటు కూడా గట్టిది. మార్పు పంపగానే ప్యాకేజీ కట్టి చూస్తుంది, లింటియన్ అనే తనిఖీ ప్రోగ్రాంతో తప్పులు వెతుకుతుంది. కానీ వత్తు అందంగా కూర్చుందో లేదో దానికి తెలియదు. అది మా టీమ్‌లోని రిటైర్డ్ తెలుగు మాస్టారి పని. ప్రింటు తీసిస్తే ఆయన ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టి ఇస్తారు. ఆ కాగితాన్ని ఫోటో తీసి మెర్జ్ రిక్వెస్ట్‌కు, అంటే మార్పును కలపమని పెట్టే విన్నపానికి, జోడిస్తాం.

కొత్తవాళ్లకు ఇబ్బందిగా ఉండేదీ చెప్పాలి. డెబియన్ బగ్గులు ఉండేది వేరే చోట, అక్కడ పనంతా ఈమెయిల్ మీదే. సల్సాలో అకౌంట్ ఉన్నంత మాత్రాన డెబియన్‌లోకి అప్‌లోడ్ చేయలేం. ఆ హక్కున్నవాళ్లు ఒకరు చూసి పంపాలి. వాళ్లూ స్వచ్ఛందంగా చేసేవాళ్లే కదా, ఓపిక పట్టాలి.

ఆ కట్టడి అవసరమనే నేనంటాను. 2024 మార్చిలో బయటపడిన ఫైళ్లు కుదించే ప్రోగ్రాం ఎక్స్‌జెడ్ ఉదంతమే చూడండి. అలసిపోయిన ఒక్క మెయింటెయినర్ దగ్గర నమ్మకం సంపాదించిన మనిషి దొంగదారి పెట్టాడు. సల్సాలో రిపోర్టర్, డెవలపర్, మెయింటెయినర్ అని అధికారాలు మెట్లుగా ఉంటాయి. ఎవరిని ఏ మెట్టు ఎక్కించాలో టీమే తేల్చుకోవాలి. మా దగ్గర కొత్తవాళ్లు వస్తే కొన్ని నెలలు మెర్జ్ రిక్వెస్ట్‌లే పంపమంటాం.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆదివారం సాయంత్రాలు షాపులో ఇదే పని మీద కూర్చుంటాం. నేర్చుకోవాలనుంటే రండి, మాస్టారు కూడా ఉంటారు.