బేగంబజార్‌లో కొన్న అశ్వగంధ: సరుకు మంచిదే, సలహాయే సరిపోలేదు

మూడు నెలలు సరిగ్గా నిద్ర లేక, జనవరిలో బేగంబజార్‌లోని ఒక మూలికల దుకాణానికి వెళ్లాను. పేరు రాయను. పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, కావాలన్నాను. సరుకుకు వంక పెట్టలేను. వేర్లు బాగా ఎండినవి, పురుగు లేదు, గుర్రపు వాసన అనే పేరుకు తగ్గ ఘాటు ఉంది. నా కళ్ల ముందే పొడి పట్టి, జల్లించి ఇచ్చారు.

"రాత్రి పాలల్ల ఒక చెంచా కలుపుకొని తాగమ్మా, మంచిగ నిద్ర పడ్తది. చెట్టు మందు, ఏం కాదు" అన్నాడు కౌంటర్‌లోని అబ్బాయి. నిద్ర పట్టింది కూడా. కానీ నాలుగో వారానికి గుండె దడ, చేతుల్లో వణుకు, మెట్రో ఏసీలో కూర్చున్నా చెమటలు. టెన్షన్ ఇంకా తగ్గలేదనుకొని మరో అర చెంచా పెంచాను. అలా చేయకుండా ఉండాల్సింది.

పదేళ్లుగా నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయింది, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైందన్నమాట. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదని, మాత్రకు అది తోడై ఉంటుందని డాక్టరు చెప్పి చూర్ణం ఆపించారు. 6 వారాల తర్వాత మళ్లీ చేయిస్తే టీఎస్‌హెచ్ మామూలు స్థాయికి, 2.3కి వచ్చింది, దడ కూడా పోయింది.

షుగర్, బీపీ, నిద్ర మాత్రలు వాడేవాళ్లు కూడా అడగకుండా మొదలుపెట్టకండి. గర్భిణులు అసలు వద్దు. అరుదుగా కాలేయం దెబ్బతింటుంది కాబట్టి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంకో మాట, చూర్ణం కొలత చూసి క్యాప్సూల్ వేసుకోకండి. క్యాప్సూళ్లలో చాలావరకు ఉండేది చిక్కటి సారం, దాని లెక్క వేరు.

ఆయుర్వేదం మీద నాకు నమ్మకం పోలేదు. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. నా మందుల చీటీ పట్టుకొని ముందు అక్కడికే వెళ్లాల్సింది.

సరుకుకు 4 నక్షత్రాలు, సలహాకు 1. పొట్లం మీద మందు పేరు, తేదీ, ఎవరు వాడకూడదో రాసి ఇస్తే చాలు, ఆ రెండోది కూడా పెంచుతాను. మొన్న వెళ్లి యజమానికి ఇదంతా చెప్పాను. "థైరాయిడ్ గోలీ వేసుకుంటరని మీరు చెప్పలేదు కదమ్మా" అన్నారాయన. నిజమే, నేను చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.