పేద దేశానికి అంతరిక్షంలో ఏ ఖర్చు మేలు?

రాకెట్ ఎగిరిన ప్రతిసారీ మన దగ్గర అదే వాదన మొదలవుతుంది. "ఆసుపత్రుల్లో మంచాలు లేవు, బడుల్లో టీచర్లు లేరు, చందమామ మీద మనకేం పని?" అని ఒకరు అడుగుతారు. "ఇది దేశ గౌరవం, ఇందులో లెక్కలు అడగకూడదు" అని ఇంకొకరు అంటారు. ఇద్దరూ అంతరిక్షాన్ని ఒకే పద్దు కింద రాసేస్తున్నారు. నిజానికి అందులో కనీసం నాలుగు వేర్వేరు ఖర్చులున్నాయి: పైనుంచి భూమిని చూడటం, సొంత రాకెట్ తయారు చేసుకోవడం, చంద్రుడికో అంగారకుడికో యంత్రాన్ని పంపడం, మనిషిని పంపడం. దేని ధర దానిదే, దేని ఫలితం దానిదే. తుపాను హెచ్చరికల పేరు చెప్పి వ్యోమగాములకు డబ్బు అడగడం ఎంత తప్పో, చంద్రయాన్‌ను చూపించి వాతావరణ ఉపగ్రహాన్ని కూడా వృథా అనడం అంతే తప్పు.

ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల 65 వేల కోట్లు. అందులో అంతరిక్ష శాఖకు ఇచ్చింది 13,416 కోట్లు. అంటే కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల్లో పాతిక పైసలకు కాస్త పైన. అదే ఏడాది ఒక్క ఉపాధి హామీ పథకానికే 86,000 కోట్లు కేటాయించారు. ఇస్రోను రేపే మూసేసినా మన ఆసుపత్రుల కొరత తీరదు. అలాగని తక్కువ ఖర్చు కాబట్టి మంచి ఖర్చేనని కూడా అనలేం. 13 వేల కోట్లు చిన్న మొత్తమేమీ కాదు. దాన్ని ఈ నాలుగింటిలో దేనికి ఎంత పెడుతున్నామన్నదే అసలు విషయం.

పైనుంచి భూమిని చూడటం

ఈ ఖర్చు గురించి తెలుగువాళ్లకు ఎవరూ పెద్దగా చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడినప్పుడు ప్రభుత్వ లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. అప్పటికి భారతదేశానికి ఆకాశంలో ఎప్పుడూ ఒకేచోట నిలబడి బంగాళాఖాతాన్ని చూస్తుండే సొంత ఉపగ్రహం లేదు. 1983లో అలాంటి ఉపగ్రహం ఇన్శాట్-1బి వచ్చింది. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. మరణాలు వెయ్యి లోపే ఆగాయి. 2014లో హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదికే వచ్చినా ప్రాణనష్టం పదుల్లోనే ఉంది.

ఈ ఘనతంతా ఉపగ్రహానికే ఇస్తే అది సగం నిజమే అవుతుంది. బంగ్లాదేశ్ సంగతి చూడండి. 1970 భోలా తుపానులో అక్కడ మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. 2007లో సిడర్ వచ్చినప్పుడు మృతులు దాదాపు 3,400. ఈ రెండు తుపాన్ల మధ్య కాలంలో బంగ్లాదేశ్ సొంత వాతావరణ ఉపగ్రహం ఒక్కటి కూడా ఎగరేయలేదు. ఇతర దేశాల ఉపగ్రహ చిత్రాలే వాడుకుంది. కానీ 1972 నుంచే వేలమంది వాలంటీర్లను తయారు చేసింది. మెగాఫోన్ పట్టుకుని, సైకిల్ మీద తిరిగి, ఇల్లిల్లూ ఖాళీ చేయించే మనుషులు వాళ్లు. దాంతోపాటు తుపాను షెల్టర్లు కట్టింది. ఒక ఉపగ్రహం ఖర్చుకు ఎన్ని షెల్టర్లు వస్తాయన్నది పేద దేశపు ఆర్థిక మంత్రి తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

బ్రెజిల్ ఇంకో మంచి ఉదాహరణ. అమెజాన్ అడవిని ఎవరు ఎక్కడ నరుకుతున్నారో పట్టుకోవడానికి ఆ దేశ అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్పే 2004లో డెటర్ అనే నిఘా వ్యవస్థ మొదలుపెట్టింది. మొదట్లో దానికి కన్ను నాసా ఉపగ్రహాలే. బ్రెజిల్ పెట్టుబడి పెట్టింది ఆ చిత్రాలు చదివే నిపుణుల మీద, చదివిన వెంటనే అడవిలోకి వెళ్లే అధికారుల మీద. 2004లో ఏడాదికి దాదాపు 27,800 చదరపు కిలోమీటర్లు ఉన్న అడవి నరికివేత 2012 నాటికి 4,600 లోపుకు పడిపోయింది. సోయా వ్యాపారుల ఒప్పందం, రుణాల మీద ఆంక్షలు లాంటివి కూడా పనిచేశాయి కానీ, ఎక్కడ నరుకుతున్నారో తెలియకపోతే అవేవీ సాగేవి కావు.

2008 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితం. యూరప్ సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలూ ఉచితమే. కాబట్టి ఈ రోజు కొత్తగా మొదలుపెట్టే దేశానికి మొదటి మెట్టు మీద లోహం, ఇంధనం అక్కర్లేదు. మంచి కంప్యూటర్లు, వందలమంది చదువుకున్న మనుషులు, వాళ్ల మాట వినే వ్యవసాయ శాఖ, రెవెన్యూ శాఖ ఉంటే చాలు. మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేసే పని చూస్తే ఇది తెలుస్తుంది. ఉపగ్రహం సముద్రపు రంగును, పైనీటి వేడిని కొలుస్తుంది. నాచు ఎక్కువగా ఉన్నచోట చేపలు చేరతాయి కాబట్టి ఎటు వెళ్తే వల పండుతుందో లెక్కకట్టి విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు మత్స్యకారులకు స్థానిక భాషలో సమాచారం పంపుతారు. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది. చేపల వేటలో పెద్ద ఖర్చు డీజిలే. ఆ ఉపగ్రహం ఎవరిదైనా మత్స్యకారుడికి తేడా లేదు. సమాచారం తెల్లారేలోపు రేవుకు చేరిందా లేదా అన్నదే ముఖ్యం.

మరి సొంతది ఎప్పుడు కావాలి? అరువు తెచ్చుకున్నది ఇచ్చినవాడి ఇష్టం మీద ఉంటుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు వాడుకోనిచ్చింది. మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లలో టీవీ పెట్టి చదువు, సాగు, ఆరోగ్యం గురించి చెప్పారు. కరెంటు కూడా సరిగా లేని ఊళ్లవి. గడువు తీరగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లింది, ప్రసారం ఆగింది. అందుకే తర్వాత ఇన్శాట్ కావాల్సి వచ్చింది. ఇంకో కారణం వానాకాలం. ఖరీఫ్ నెలలన్నీ మబ్బు కమ్మి ఉంటే మామూలు కెమెరాకు పొలం కనపడదు, గోదావరి వరద ఎంత మేర పారిందో కనపడదు. రాడార్ ఉపగ్రహం మబ్బునూ చీకటినీ దాటి చూస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ అలాంటిదే. నాసా, ఇస్రో కలిసి చేసిన ఈ ఉపగ్రహానికి ఇస్రో వాటా 788 కోట్లు. నా దృష్టిలో ఇస్రో ఇటీవల పెట్టిన ఖర్చుల్లో ఇంతకంటే సమర్థించుకోదగ్గది లేదు. దీని గురించి మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సొంత రాకెట్

చాలా దేశాలకు ఇది వద్దనే చెబుతాను. బ్రెజిల్ ఉపగ్రహ చిత్రాల్లో ఎంత గెలిచిందో రాకెట్‌లో అంత నష్టపోయింది. 2003 ఆగస్టు 22న అల్కాంటరా కేంద్రంలో ప్రయోగానికి ముందే రాకెట్ మండిపోయి 21 మంది చనిపోయారు. ఆ రాకెట్ ఒక్క ఉపగ్రహాన్ని కూడా కక్ష్యలో పెట్టలేదు. చివరికి 2021 ఫిబ్రవరిలో బ్రెజిల్ తన అమెజోనియా-1ను మన పీఎస్ఎల్‌వీ రాకెట్ మీద, శ్రీహరికోట నుంచే పంపింది. ఉపగ్రహం సొంతం, ప్రయాణం కిరాయి. ఈ దారిలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. భారతదేశం కూడా తన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను 1975లో సోవియట్ రాకెట్ మీదే పంపింది.

భారతదేశానికి రాకెట్ కలిసొచ్చిందంటే దానికి వేరే కారణాలున్నాయి. 1963లో కేరళలోని తుంబాలో మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా ఆరు దశాబ్దాలు నడిపింది. పంపాల్సిన ఉపగ్రహాలూ ఎక్కువే. అయినా బరువైన ఉపగ్రహాలను పంపడానికి కావాల్సిన, అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్ కథ చూస్తే ఎంత ఓపిక కావాలో అర్థమవుతుంది. అమెరికా ఒత్తిడి మీద 1993లో రష్యా ఆ టెక్నాలజీ ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. తయారైన ఇంజన్లు మాత్రం కొన్ని అమ్మింది. మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో జీఎస్ఎల్‌వీ రాకెట్ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరిలో. అంటే ఇరవై ఏళ్లు. అంత కాలం డబ్బు, మనుషులు, రాజకీయ మద్దతు ఆగకుండా ఇవ్వగల దేశాలు ఎన్ని ఉన్నాయి?

రాకెట్ లెక్కల్లో ఎప్పుడూ రాయని ఖర్చు ఒకటుంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి యానాదులది. ప్రయోగ కేంద్రం కోసం వాళ్లు తరతరాల చోటు వదలాల్సి వచ్చింది. అడవిని, మూలికలను, మడ నీళ్లను నమ్ముకుని బతికిన వాళ్లు కూలీలుగా మారారు. రాకెట్ కేంద్రం పెట్టాలనుకునే ఏ దేశమైనా ఇలాంటి ఖర్చును ముందే లెక్కలో రాసుకోవాలి.

అప్పు చేసి పెద్ద ఉపగ్రహం కొనడం ఇంకో ప్రమాదం. నైజీరియా రెండు దారులూ చూసింది. 2003లో బ్రిటన్ కంపెనీతో కలిసి నైజీరియాశాట్-1 అనే చిన్న ఉపగ్రహం చేయించుకుంది. ఆ పనిలో తన ఇంజనీర్లకు శిక్షణ ఇప్పించింది. 2005లో అమెరికా మీద కత్రినా తుపాను పడినప్పుడు చిత్రాలు అందించిన ఉపగ్రహాల్లో అదీ ఒకటి. 2011లో వెళ్లిన నైజీరియాశాట్-ఎక్స్‌ను ఆ దేశ ఇంజనీర్లే తయారు చేశారు. ఇంకోవైపు 2007లో చైనా చేత కట్టించి, చైనా చేతే ఎగరేయించుకున్న నిగ్‌కామ్‌శాట్-1 ఏడాదిన్నరకే కరెంటు సరఫరా దెబ్బతిని పనికిరాకుండా పోయింది. మొదటి దారిలో చిన్న ఉపగ్రహం పోయినా నేర్చుకున్న మనుషులు మిగులుతారు. రెండో దారిలో మిగిలింది బీమా, బదులు ఉపగ్రహం కోసం మూడేళ్ల ఎదురుచూపు.

చంద్రుడు, అంగారకుడు

ఇక్కడ లాభనష్టాల భాష సరిపోదు. మంగళయాన్‌కు 450 కోట్లు, చంద్రయాన్-3కి 615 కోట్లు అయ్యాయి. 140 కోట్ల జనాభాకు పంచితే చంద్రయాన్-3 తలకు నాలుగున్నర రూపాయల లోపే. దీన్ని సమర్థించేవాళ్లు ఏవో కొత్త పరికరాలు పుడతాయని, పరిశ్రమలకు పనికొస్తాయని చెబుతుంటారు. నాకు ఆ వాదన బలహీనంగా అనిపిస్తుంది. పరికరాలే కావాలంటే వాటి మీదే నేరుగా ఖర్చు పెట్టొచ్చు. చంద్రుడి దగ్గరికి వెళ్లడానికి అసలు కారణం తెలుసుకోవడం. 2008లో వెళ్లిన చంద్రయాన్-1 మీద ఉన్న నాసా పరికరం చంద్రుడి నేల మీద నీటి జాడను పట్టుకుంది. మానవజాతికి అంతకుముందు తెలియని విషయం అది, మన ప్రయోగం వల్ల తెలిసింది. పేద దేశం పిల్లలకు విజ్ఞానాన్ని చదువుకునే హక్కు ఉంది కానీ సృష్టించే హక్కు లేదంటే నేను ఒప్పుకోను. పేదరికం పూర్తిగా పోయాకే సైన్సు అన్న షరతు ధనిక దేశాలు కూడా ఎప్పుడూ పాటించలేదు.

ఒక షరతు మాత్రం నాదీ ఉంది. భూమిని చూసే పని బాగా నడుస్తున్న దేశమే అక్కడికి వెళ్లాలి. వాతావరణ హెచ్చరిక సరిగా ఇవ్వలేని దేశం చంద్రుడి మీద జెండా పాతితే దాన్ని నేను విజ్ఞానం అనను, ప్రచారం అంటాను.

మనిషిని పంపడం

2018లో గగన్‌యాన్ ప్రకటించినప్పుడు 2022 నాటికి మనిషి వెళ్తాడన్నారు. 2024 సెప్టెంబరులో అంతరిక్ష స్టేషన్ మొదటి భాగాన్ని కూడా కలిపి మొత్తం ఖర్చును 20,193 కోట్లకు పెంచారు. ఆ డబ్బుతో చంద్రయాన్-3 లాంటివి ముప్ఫై రెండు పంపొచ్చు, నైసార్‌లో మన వాటా లాంటివి పాతిక పెట్టొచ్చు. మనిషి వెళ్తే ప్రతి విడిభాగం పదింతలు భద్రంగా ఉండాలి, ఊపిరి నుంచి తిరుగు ప్రయాణం దాకా అన్నీ కొత్తగా కట్టాలి. ధర అందుకే పెరుగుతుంది. దీనికి ఉన్న బలమైన వాదన ఒకటే: ఇప్పుడు నేర్చుకోకపోతే రేపు ఎవరూ నేర్పరు, క్రయోజెనిక్‌లో జరిగినట్టే. ఆ మాటలో నిజముంది. కానీ క్రయోజెనిక్ ఇంజన్ లేకపోతే మన బరువైన సమాచార ఉపగ్రహాలు ఆగిపోయేవి. వ్యోమగామి వెళ్లడం ఐదేళ్లు ఆలస్యమైతే ఏ ఊళ్లో ఏ పని ఆగుతుంది?

అదే సమయంలో మనకు దారి చూపే సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ పరిస్థితి చూడండి. విదేశీ జీపీఎస్ మీద ఆధారపడకూడదని 2013 నుంచి 2018 వరకు ఏడు ఉపగ్రహాల వ్యవస్థ కట్టుకున్నాం. వాటిలో సమయాన్ని అతి కచ్చితంగా కొలవడానికి పెట్టిన, దిగుమతి చేసుకున్న అణు గడియారాలు ఒక్కొక్కటే మొరాయించాయి. 2023 మేలో సొంత గడియారంతో ఎన్‌వీఎస్-01 అనే కొత్త నావిక్ ఉపగ్రహం వెళ్లింది. 2025 జనవరిలో, శ్రీహరికోట వందో ప్రయోగంలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 వాల్వులు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేదు. ఆ ఏడాది మేలో పీఎస్ఎల్‌వీ కూడా రాడార్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేక విఫలమైంది. దారి చూపే ఉపగ్రహాలు, మబ్బుల్లోంచి పొలాన్ని చూసే ఉపగ్రహాలు మనకు రోజూ కావాల్సినవి. ఇస్రోలో ఉన్న ఇంజనీర్ల సంఖ్య, పరీక్షా కేంద్రాల సమయం డబ్బు కంటే కూడా పరిమితమైనవి. ఇస్రో బడ్జెట్ తగ్గించాలని నేను అనను. నావిక్ ఖాళీలు నిండే వరకు, పీఎస్ఎల్‌వీ మళ్లీ నమ్మకంగా ఎగిరే వరకు గగన్‌యాన్ వరుసలో వెనక నిలబడాలి. బడ్జెట్ చర్చలో మన ఎంపీలు అడగాల్సింది రాకెట్ ఎప్పుడు ఎగురుతుందని కాదు, ఇవాళ నావిక్‌లో ఎన్ని ఉపగ్రహాలు సరిగా పనిచేస్తున్నాయని.