ఫాగీ గుండె ఆగిన చోటు: ‘డేర్‌డెవిల్: బార్న్ అగైన్’ మొదటి సీజన్ సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, ఫాగీ నెల్సన్ మొదటి ఎపిసోడ్‌లోనే చనిపోతాడు. ఎవరు చంపారో అక్కడే చూపిస్తారు. ఎవరు చంపించారో, ఎందుకు చంపించారో తెలియాలంటే ఎనిమిది, తొమ్మిది ఎపిసోడ్ల దాకా ఆగాలి. అవన్నీ కింద విప్పి రాశాను కాబట్టి, సీజన్ చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

అమెరికాలో 2025 మార్చి 4 సాయంత్రం విడుదలైన ఈ సీజన్ మనకి జియోహాట్‌స్టార్‌లో మర్నాడు, బుధవారం పొద్దున్నే వచ్చింది. పనిరోజు పొద్దున్న ఇలాంటి ఎపిసోడ్ రావడం విశాఖలో చూసేవాళ్లకి కలిసిరాదు. స్టీల్‌ప్లాంట్‌లో పొద్దుటి షిఫ్టుకి వెళ్లినాయన మధ్యాహ్నం ఇల్లు చేరేలోపే, రుషికొండ ఐటీ హిల్ మీద భోజనాల వేళయ్యేలోపే సంగతి ఫోన్‌లోకి వచ్చేస్తుంది. ఈ చావు ముందే తెలిసి చూస్తే సగం బలం పోతుంది. వారం వారం వచ్చే సిరీస్ మొదలయ్యే రోజున వాట్సాప్ గ్రూపులు రాత్రిదాకా మ్యూట్‌లో పెట్టుకోవడం మేలు.

ఫాగీ ఎవరో తెలియకుండా ఈ ఎపిసోడ్ మొదలుపెట్టకండి. 1964లో వచ్చిన ‘డేర్‌డెవిల్’ మొదటి కామిక్ సంచికలోనే ఉన్న పాత్ర అది. హీరో మ్యాట్ మర్డాక్‌కి కాలేజీ స్నేహితుడు, లాయర్ ప్రాక్టీసులో భాగస్వామి. 2015, 2016, 2018లలో నెట్‌ఫ్లిక్స్ కోసం తీసిన పాత మూడు సీజన్లలో, మొత్తం 39 ఎపిసోడ్లలో, ఎల్డెన్ హెన్సన్ ఆ పాత్రని మోసుకొచ్చాడు. ముసుగు లేదు, దెబ్బలాడటం రాదు. చేతిలో కేసు ఫైలు, నోట్లో మాట, అంతే. మ్యాట్ అబద్ధాలతో విసిగి వెళ్లిపోయి, మళ్లీ తిరిగొచ్చేవాడు ఎప్పుడూ ఫాగీయే.

పాత మొదటి సీజన్ పదో ఎపిసోడ్ గుర్తుందా? మ్యాటే డేర్‌డెవిల్ అని ఫాగీకి తెలిసిపోయి, ఇద్దరూ మ్యాట్ ఇంట్లో మాటలతో కొట్లాడుకుంటారు. చూపు లేని మ్యాట్ ఎదుటివాళ్ల గుండె చప్పుడు వినగలడని, దాన్నిబట్టి అబద్ధం పట్టేయగలడని ఫాగీకి అప్పుడే అర్థమవుతుంది. ‘ఇన్నేళ్లూ నా గుండె వింటూనే ఉన్నావా’ అన్న కోపం అది. అడగకుండా లోపలికి తొంగిచూశాడన్న అవమానం. పదేళ్ల తర్వాత అదే గుండె, అదే చెవి. ఫాగీ పోయిన సంగతి మ్యాట్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. మేడమీద, ఫాగీని కాల్చిన హంతకుడు బుల్స్‌ఐతో కొట్లాడుతూనే, కింద రోడ్డుమీద వాళ్లిద్దరి స్నేహితురాలు కరెన్ చేతుల్లో ఉన్న స్నేహితుడి గుండె నెమ్మదించడం, ఆగడం వింటాడు. ఈ సీజన్ మొత్తంలో ఇంతకంటే గట్టి ఆలోచన లేదు. చావుని కంటికి కాకుండా చెవికి చూపించారు.

సీన్ కట్టిన తీరు చూడండి. జోసీస్ బార్‌లో రిటైరయిన పోలీసాయన కోసం చిన్న పార్టీ. అందరూ నవ్వుతున్నారు. ఫాగీ క్లయింటు ఒకతను ప్రమాదంలో ఉన్నాడని మ్యాట్ బయటికి వెళ్తాడు. బార్ బయట నిలబడ్డ ఫాగీకి తూటా తగులుతుంది. అప్పటినుంచి బార్ లోపల, మెట్లమీద, డాబామీద ఒకే షాట్‌లా కనిపించే పోరాటం. కెమెరా మ్యాట్‌ని వదలదు, శబ్దం మాత్రం కింద ఫాగీ దగ్గరే ఉంటుంది. చూపు ఒకచోట, వినికిడి ఒకచోట. పావుగంట అటూఇటూలో అంతా అయిపోతుంది. గుండె ఆగగానే మ్యాట్ చేసే పని, అంటే బుల్స్‌ఐని డాబామీంచి కిందికి తోసేయడం, మూడు సీజన్లపాటు అతను గీసుకున్న గీతని చెరిపేస్తుంది. వాడు బతికాడన్నది వేరే సంగతి. మ్యాట్ చంపాలనే తోశాడు.

ఇంట్లో చాలామందికి ఇది అందకపోవడానికి కారణం టీవీ స్పీకరు. మనిషి గుండె చప్పుడులో బలమంతా సుమారు 20 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గోడకి తగిలించే పల్చటి టీవీల స్పీకర్లు 100 హెర్ట్జ్ దగ్గరికి దిగేసరికే నీరసపడిపోతాయి. అరుపులు, గాజు పగలడం, తూటాలు వినిపిస్తాయి గానీ అడుగున నడిచే చప్పుడు వినిపించదు. అప్పుడు మ్యాట్ మొహం ఎందుకు మారిందో అర్థంకాక ‘ఇంతేనా’ అనిపిస్తుంది.

సౌండ్‌బార్ ఉంటే టీవీలో ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ రంధ్రానికే కలపండి. మిగతా రంధ్రాల్లోంచి శబ్దం టీవీ నుంచి సౌండ్‌బార్‌కి రాదు. టీవీ సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐ తీగ గుండా టీవీ, సౌండ్‌బార్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు) ఆన్ చేసి, డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ని ఆటో లేదా పాస్‌త్రూలో పెట్టండి. ఆప్టికల్ తీగ అయితే మామూలు డాల్బీ డిజిటల్ దాకానే మోస్తుంది. ఓటీటీలో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్‌ని టీవీ దించి పంపుతుంది, కొన్ని టీవీలు స్టీరియోగా కుదించేస్తాయి. బ్లూటూత్‌తో కలిపితే ఎలాగూ స్టీరియోయే, పైగా పెదాలకీ మాటకీ తేడా వస్తుంది. బార్‌లో కబుర్ల సీన్‌లో ఆ తేడా ఉందేమో చూసి, ఉంటే లిప్‌సింక్ సెట్టింగు 20 మిల్లీసెకన్ల చొప్పున జరపండి.

తర్వాత చూడాల్సింది నైట్ మోడ్. పిల్లలు పడుకున్నారని ఆన్ చేసి మర్చిపోతాం. పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచడం దాని పని. ఈ సీన్ బతికేది ఆ రెండింటి మధ్య తేడామీదే కాబట్టి ఇక్కడ అదే కొంప ముంచుతుంది. క్లియర్ వాయిస్, ఏఐ సౌండ్ లాంటివీ తీసేయండి. అవి మాట వినిపించాలని లోతైన శబ్దాల్ని కోసేస్తాయి. సబ్‌వూఫర్ మూలకి నెడితే గుండె ‘ధబ్’ అనకుండా బొయ్‌మని మూలుగుతుంది. ఒక అడుగు బయటికి లాగి, కింద దళసరి రబ్బరు మ్యాట్ వేసి, లెవెల్ రెండు మెట్లు తగ్గించండి. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటువాళ్లకి స్లాబ్ గుండా పోయే అదురు కూడా దాంతోనే తగ్గుతుంది. డబ్బింగ్ ఆడియోతో చూసేవాళ్లు ఈ మొదటి పావుగంట మాత్రం ఇంగ్లిష్ ఆడియోతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒకసారి చూడండి. చాలా సిరీస్‌లకి డబ్బింగ్ ట్రాక్‌ని స్టీరియోలోనే ఇస్తుంటారు.

మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉప్పుగాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, సాగర్‌నగర్ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లలో హెచ్‌డీఎంఐ పిన్నుల మీద తెల్లగానో పచ్చగానో పొర కడుతుంది. అప్పుడు ఏఆర్‌సీ ఉన్నట్టుండి తెగి, శబ్దం మళ్లీ టీవీ స్పీకర్లకి పోతుంది. సౌండ్‌బార్ పాడయిందనుకుని సర్వీసుకి మోసుకెళ్లేముందు రెండువైపులా కరెంటు తీసేసి, తీగ ఊడదీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూగు లేని గుడ్డతో తీగ మొన తుడిచి, పూర్తిగా ఆరాక గట్టిగా బిగించండి. రంధ్రంలోకి సూదులూ పిన్నులూ పెట్టొద్దు. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడొద్దు. దాంట్లో నీరు, గ్లిజరిన్ ఉంటాయి, తుప్పు ఇంకా పెరుగుతుంది. తీగే పాతబడితే మార్చేయడమే చవక.

ఇక ఫ్యాను. ఈ ఊరి ఉక్కపోతలో ఫ్యాను ఆపమంటే ఎవరూ వినరు గానీ, అయిదో నంబరు మీద తిరిగే సీలింగ్ ఫ్యాను ఆ గుండె చప్పుడుని పూర్తిగా మింగేస్తుంది. ఏసీ ఉంటే పది నిమిషాలు ముందు వేసి గది చల్లబరిచి, ఆ సీన్‌కి దాని ఫ్యాను తక్కువలో పెట్టండి. ఏదీ కుదరకపోతే చెవిలో బిగుతుగా కూర్చునే వైరు ఇయర్‌ఫోన్లు చాలు. కొన్ని వందల రూపాయల ఇయర్‌ఫోన్లలో వినిపించే లోతు, వేలు పోసి కొన్న టీవీ స్పీకర్లలో ఉండదు. బొమ్మ సంగతి తక్కువే. రాత్రిపూట చూడండి, పిక్చర్ మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌లో పెట్టండి, మోషన్ స్మూతింగ్ తీసేయండి. ఆ పొడుగాటి షాట్‌లో మెట్ల దగ్గర అంచులు చెదిరిపోయేది దానివల్లే.

ఇంత బాగా చంపిన పాత్రకి తర్వాత ఏం చేశారన్నదే నా అసలు ఫిర్యాదు. చావు అవగానే కథ ఏడాది ముందుకు దూకుతుంది. బుల్స్‌ఐకి శిక్ష పడటం, కోర్టు దగ్గర మ్యాట్, కరెన్ ముక్తసరిగా మాట్లాడుకోవడం, ఆమె శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయిందని తెలియడం, అంతే. అంత్యక్రియలు లేవు. ఫాగీ కుర్చీ ఖాళీగా ఉన్న ఆఫీసులో మ్యాట్ మొదటిరోజు ఎలా గడిపాడో లేదు. కొత్త భాగస్వామితో కొత్త ఆఫీసు అప్పటికే నడుస్తుంటుంది. పోయినవాడికి పదోరోజు, పదకొండోరోజు అంటూ ఇల్లంతా కలిసి కూర్చునే మనలాంటివాళ్లకి ఈ దూకుడు గట్టిగా తగులుతుంది. ఇదే కథాలోకంలో 2015లో జర్నలిస్ట్ బెన్ యూరిక్‌ని విలన్ విల్సన్ ఫిస్క్ చంపినప్పుడు తర్వాతి ఎపిసోడ్‌లో అంత్యక్రియలు చూపించారు, కరెన్ కుమిలిపోవడం చూపించారు. అందుకే ఆ చావు ఇప్పటికీ గుర్తుంది.

ఈ ఖాళీకి కారణం తెరవెనక ఉంది. మొదట ఈ సిరీస్‌ని 18 ఎపిసోడ్లుగా, ఫాగీ, కరెన్ లేకుండా అనుకున్నారు. కొంత తీశాక 2023లో హాలీవుడ్ సమ్మెలప్పుడు పని ఆగింది. తీసింది సరిగ్గా రాలేదని రచయిత డారియో స్కార్డపేన్‌కి పగ్గాలిచ్చి కథ మార్చారు. మొదటి ఎపిసోడ్, చివరి రెండు ఎపిసోడ్లు కొత్తగా తీశారు. మధ్యవాటిలో చాలాభాగం పాతదే. ఇది తెలిశాక మళ్లీ చూస్తే కుట్టు ఎక్కడ పడిందో కనిపిస్తుంది. రెండు నుంచి ఏడు దాకా ఫాగీ పేరు అక్కడక్కడ వినిపిస్తుందే తప్ప, ఆ దుఃఖం మ్యాట్ నడకలోకి, నిర్ణయాల్లోకి రాదు. అయిదో ఎపిసోడ్, బ్యాంకు దోపిడీ కథ, విడిగా చూస్తే సరదాగా, పకడ్బందీగా ఉంటుంది. కానీ ఏడాది కిందట ప్రాణస్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడి కథలా మాత్రం ఉండదు.

మధ్యలో నిజంగా నిలబడేది మూడో ఎపిసోడ్. వైట్ టైగర్ పేరుతో ముసుగేసుకుని తిరిగే హెక్టర్ అయాలాని మ్యాట్ కోర్టులో నిర్దోషిగా బయటికి తెస్తాడు. ఎపిసోడ్ చివర్లో అతన్ని వీధిలో కాల్చేస్తారు. ఆ పాత్ర వేసిన కమార్ దె లోస్ రేయస్ సిరీస్ విడుదల కాకముందే, 2023 డిసెంబరులో కన్నుమూశాడు. హెక్టర్ మేనకోడలు ఏంజెలా ద్వారా ఆ చావు తర్వాతి ఎపిసోడ్లలోకి నడిచొస్తుంది. ఫాగీకి దక్కాల్సిన శ్రద్ధ హెక్టర్‌కి దక్కింది.

ఎనిమిదో ఎపిసోడ్‌కి సీజన్ మళ్లీ లేచి నిలబడుతుంది. జైల్లో బుల్స్‌ఐని కలిశాక మ్యాట్‌కి ఫిస్క్ భార్య వెనెస్సా మీద అనుమానం వస్తుంది. ఫాగీని చంపించింది ఆవిడే. కారణం రెడ్‌హుక్ రేవు. ఆ రేవు ఫ్రీ పోర్టు, ఊరి చట్టం అక్కడ చెల్లదు. ఫాగీ చేతిలో ఉన్న ఒక కేసు ఆ గుట్టు దాకా వచ్చింది. అమెరికా ప్రేక్షకుల్లో కొందరికి ఇది కాగితాల గొడవలా అనిపించిందేమో గానీ, పోర్టు ఊళ్లో ఉన్నవాళ్లకి బాగా ఎక్కుతుంది. దువ్వాడ ఎస్ఈజెడ్‌ని 2005 చట్టం ప్రకారం అక్కడ అనుమతించిన పనుల మేరకు దేశపు కస్టమ్స్ హద్దుకి బయటిదిగా లెక్కిస్తారు. సుంకం గేటు దగ్గర లెక్కలోకి వస్తుంది, నేర చట్టం మాత్రం లోపలా ఉంటుంది. రెడ్‌హుక్‌లో ఆ రెండోది కూడా లేకుండా చేసుకోవాలన్నదే ఫిస్క్ ఎత్తు. హద్దుకి అవతల అన్న ఒక్క మాట చేతిలో ఉంటే ఎంత డబ్బు తిప్పొచ్చో క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఫాగీ ఆ ఫైలు పట్టుకున్నాడు. ముసుగు లేని లాయర్ని, ముసుగువాడికంటే ముందు చంపాల్సినంత ప్రమాదకరమైనవాడిగా చూపించడం ఆ పాత్రకి ఇచ్చిన నిజమైన గౌరవం. అది తొమ్మిదో ఎపిసోడ్ దాకా దాచిపెట్టకుండా నాలుగు, అయిదులలోనే ఫాగీ ఫైళ్లు తెరిపించి ఉంటే మధ్యభాగం కూడా నిలబడేది.

చూసే వరస ఇలా పెట్టుకోండి. టైముంటే పాత మూడు సీజన్లూ పూర్తిగా. లేకపోతే మొదటి సీజన్ మొత్తం, అందులో పదో ఎపిసోడ్ తప్పకుండా, ఆ తర్వాత మూడో సీజన్. బుల్స్‌ఐ అందులోనే పుడతాడు, చర్చిలో కరెన్ మీదికి విసిరిన కర్రకి ఫాదర్ లాంటమ్ అడ్డుపడి చనిపోయేదీ అందులోనే. రెండో సీజన్ వదిలేసినా ఈ కథకి లోటు రాదు, నేరగాళ్లని వేటాడి చంపే పనిషర్ ఎవరో తెలిస్తే చాలు. ‘బార్న్ అగైన్’ మొదటి సీజన్‌లో మొదటి ఎపిసోడ్ ఒక రాత్రి ఒక్కటే చూసి ఆపండి. రెండోది వెంటనే వేస్తే ఆ చావు చప్పున చల్లారిపోతుంది. ఎనిమిది, తొమ్మిది మాత్రం విడదీయకుండా ఒకే రాత్రి చూడండి.